చెంచులు: నల్లమల కొండలలో జీవనం, విశ్వాసం, అవసరాలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నల్లమల కొండలలో చెంచుల సంప్రదాయ జీవన విధానాన్ని వివరించగలుగుతారు.
• వారి దేవతలకూ, అడవికీ, శ్రీశైలం, అహోబిలం వంటి క్షేత్రాలకూ ఉన్న సంబంధాన్ని తెలుసుకుంటారు.
• గత రెండు శతాబ్దాలలో ప్రభుత్వాలు చెంచుల పట్ల అనుసరించిన విధానాలను పోల్చి చూడగలుగుతారు.
• ఒక సమాజం 'అవసరాలు' ఏమిటో ఎవరు నిర్ణయించాలి అనే ప్రశ్నను చరిత్ర ఆధారంగా చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో చరిత్ర విద్యార్థుల అసైన్‌మెంట్లు దిద్దుతుంటే, చెంచుల గురించి ఒకే వాక్యం మళ్లీ మళ్లీ ఎదురయ్యేది: "చెంచులు నాగరికతకు దూరంగా, మారుమూల అడవులలో, బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా జీవిస్తారు." ఈ వాక్యం రాసిన వారికి నేను మార్కులు తగ్గించేవాణ్ణి కాదు. పక్కన ఒక ప్రశ్న మాత్రం రాసేవాణ్ణి: "ఎవరికి దూరంగా?"

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే బస్సు ఎక్కిన వారందరూ చెంచుల సీమ గుండానే ప్రయాణిస్తారు. మన్ననూరు దాటిన తరువాత ఫరహాబాద్, వటువర్లపల్లి, దోమలపెంట మీదుగా రోడ్డు కృష్ణానది లోయలోకి దిగుతుంది. ఏటా లక్షల మంది భక్తులు ఆ దారిన పోతారు. శతాబ్దాలుగా పోతూనే ఉన్నారు. కాబట్టి చెంచులు మనకు కనిపించని చోట ఎన్నడూ లేరు. దారి పక్కనే ఉన్నా మనం వారిని సరిగా చూడలేదు.

ఈ పాఠంలో మీరు గమనించవలసిన ప్రధాన విషయం ఒకటుంది. గత 150 సంవత్సరాలలో చెంచులకు ఏమి కావాలో చెప్పిన వారు చాలామంది ఉన్నారు. అటవీ శాఖ, పోలీసులు, మానవశాస్త్రవేత్తలు, సంక్షేమ అధికారులు, వన్యప్రాణి సంరక్షకులు తలా ఒక మాట చెప్పారు. ఆ మాటలలో కొన్ని మేలు చేశాయి, కొన్ని కీడు చేశాయి. అడవిపై చెంచుల హక్కును ముందు గుర్తించి, సేవలను తరువాత అందించిన సందర్భాలు చాలా తక్కువ. ఈ వరుస ఎందుకు ముఖ్యమో పాఠం చివరికి మీకే అర్థమవుతుంది.

2. నల్లమల: ప్రదేశం, ప్రజలు

నల్లమల తూర్పు కనుమలలో భాగం. కృష్ణానదికి దక్షిణాన నంద్యాల, మార్కాపురం, పల్నాడు ప్రాంతాల మీదుగా ఈ కొండలు పెన్నా నది వైపు సాగుతాయి. నదికి ఉత్తరాన తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ పీఠభూమి ఉంది. ఈ రెండు వైపులా ఉన్న కొండలూ లోయలూ చెంచుల నివాసం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచుల సంఖ్య 64 వేలకు పైగా ఉంది. వీరందరూ అడవి లోపల లేరు. చాలామంది అడవి అంచు గూడేలలోనూ, మైదాన గ్రామాలలోనూ స్థిరపడ్డారు. అడవి లోపలి పెంటలలో ఉన్నవారు కొద్దిమందే.

'పెంట' అనే మాటను ఇక్కడ గమనించండి. మైదాన ప్రాంతపు తెలుగులో పెంట అంటే ఎరువు కుప్ప. నల్లమలలో మాత్రం పెంట అంటే మనుషులుండే చోటు, చెంచుల ఆవాసం. అమ్రాబాద్ పీఠభూమిలో మేడిమల్కల్, అప్పాపూర్, రాంపూర్, పుల్లాయిపల్లి, ఈర్లపెంట వంటి ఆవాసాలు నేటికీ ఉన్నాయి. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు సిబ్బంది కాలనీ వెలసిన సున్నిపెంట, హైవే మీద బస్సులు ఆగే దోమలపెంట పేర్లలోనూ ఆ మాటే ఉంది. శాసనాలు లేనిచోట స్థలనామాలు కూడా చరిత్రకు ఆధారాలే. ఊరు మారినా ఆ నేల మీద పూర్వం ఏముండేదో పేరు చెబుతుంది.

చెంచుల మాతృభాష తెలుగు. గోండులకు గోండీ, కోయలకు కోయ భాష ఉన్నట్లు వీరికి ఈనాడు వేరే భాష లేదు. ఈ ఒక్క విషయం చాలు, మైదాన సమాజంతో వీరి సంబంధం ఎంత పాతదో ఊహించడానికి. వీరిలో నిమ్మల, తోకల, కాట్రాజు, ఉడుతలూరి, చిగుర్ల, మండ్లి వంటి ఇంటిపేర్లున్నాయి. ఒకే ఇంటిపేరు గలవారి మధ్య పెళ్లి కుదరదు.

3. మనకున్న ఆధారాలు

చెంచులు తమ చరిత్రను రాసుకోలేదు. వారి గురించి మనకున్న రాతలన్నీ బయటివారివే. చరిత్ర విద్యార్థిగా మీరు ప్రతి ఆధారాన్ని ఎవరు రాశారు, ఏ పని మీద వచ్చి రాశారు అని అడగాలి.

1794లో కెప్టెన్ కాలిన్ మెకంజీ శ్రీశైలం వచ్చి ఆలయాన్ని వర్ణిస్తూ, ఆ కొండలలోని చెంచులను కూడా ప్రస్తావించాడు. ఆయన సర్వే అధికారి. 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లోనూ చెంచులు కనిపిస్తారు. ఆయన యాత్రికుడు. 1840లలో కెప్టెన్ న్యూబోల్డ్ చెంచులపై ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన సైనికాధికారి, అడవి జాతుల పట్ల కుతూహలం గలవాడు. మొదటివాడికి చెంచు దారి చూపే మనిషి. రెండవవాడికి దారిలో ఎదురయ్యే మనిషి. మూడవవాడికి వింత మనిషి. ఈ ముగ్గురూ అబద్ధం రాశారని నేను అనడం లేదు. ఎవరి అవసరాన్ని బట్టి వారికి చెంచు కనిపించాడని మాత్రమే చెబుతున్నాను.

మరింత నిలకడగా చూసినవాడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఈ ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త 1939లో మన దేశానికి రాగానే రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్నందున ఆయన సంచారంపై ఆంక్షలు పడ్డాయి. హైదరాబాదు సంస్థానంలో ఉండి పరిశోధన చేసుకోవడానికి అనుమతి దొరికింది. ఆ విధంగా 1940లో ఆయన భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ చెంచుల మధ్యకు వచ్చాడు. 1943లో వెలువడిన ఆయన గ్రంథం చెంచుల గురించిన మొదటి సమగ్ర అధ్యయనం.

విశేషమేమంటే, అదే 1943లో 'చెంచులక్ష్మి' అనే తెలుగు సినిమా కూడా విడుదలైంది. 1958లో అదే కథ మళ్లీ సినిమాగా వచ్చి ఇంటింటికీ చేరింది. తెలుగువారికి పరిచయమైనది సినిమా చెంచులక్ష్మే. పుస్తకంలోని చెంచులు గ్రంథాలయాలలోనే ఉండిపోయారు.

4. చెంచుల జీవనం

హైమన్‌డార్ఫ్ చూసినప్పటి లోపలి చెంచుల జీవనం ప్రధానంగా ఆహార సేకరణపై ఆధారపడి ఉండేది. ఇనుప మొన తొడిగిన తవ్వుకోల, విల్లంబులు, గొడ్డలి, బుట్ట, కుక్క ఉంటే చెంచు కుటుంబానికి పనిముట్లు సమకూరినట్లే. గుండ్రని గోడ, మొనదేలిన కప్పు గల గుడిసెలో ఉండేవారు. గడ్డలు, ఆకులు, కాయలు, పండ్లు వారి నిత్యాహారం. వేట ఉండేది గాని, రోజూ కడుపు నింపింది వేట కాదు. భూమిలోంచి తవ్వి తీసిన గడ్డలే నింపాయి. వేటగాడి బొమ్మ చూసి చెంచులను ఊహించుకునేవారు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. గడ్డలు తవ్వే పని ఆడవారూ మగవారూ ఇద్దరూ చేసేవారు.

ఋతువును బట్టి ఆహారం మారుతుంది. వేసవి మొదట్లో ఇప్పపూలు రాలుతాయి. ఆ తరువాత తునికిపండ్లు వస్తాయి. తేనె, జిగురు, కుంకుడుకాయలు, చింతపండు, సారపప్పు అమ్మకానికి పనికివచ్చేవి. కొండచరియలకు వేలాడే తేనెపట్టులను తీయడానికి చెంచులు తాడుతో కిందికి దిగుతారు. పైన తాడు పట్టుకునే పని బావమరిదికి అప్పగిస్తారని చెబుతారు. అక్కాచెల్లెళ్ల పసుపుకుంకుమలు కోరేవాడు తాడు వదలడు కదా! చుట్టరికం మీద వారికున్న నమ్మకం ఈ ఒక్క ఆచారంలో కనిపిస్తుంది.

వారి సమాజంలో మూడు అంశాలను మీరు ప్రత్యేకంగా గుర్తించాలి.

మొదటిది, ప్రతి గుంపుకూ అడవిలో తనదైన హద్దు ఉంటుంది. ఈ కొండ, ఈ వాగు, ఈ లోయ ఫలానా పెంటవారివి అని అందరికీ తెలుసు. అది కాగితం మీద లేని హక్కు. కానీ చెంచులందరూ మన్నించే హక్కు.

రెండవది, పెళ్లయిన మగవాడు తన పుట్టింటి హద్దులోనైనా, అత్తవారి హద్దులోనైనా ఉండవచ్చు. ఒకచోట తిండి తగ్గితే మరొక చోటికి మారడానికి ఈ పద్ధతి వీలు కల్పించింది. స్త్రీకి తన సంపాదనపైనా, తన జీవితంపైనా గణనీయమైన స్వేచ్ఛ ఉండేది. పొసగని కాపురం విడిచి వేరొక పెళ్లి చేసుకోవడం తప్పుగా భావించేవారు కాదు.

మూడవది, వారు ఎన్నడూ పూర్తిగా ఒంటరివారు కారు. గొడ్డలికీ, బాణపు మొనకూ ఇనుము కావాలి. కుండలు, గుడ్డ కావాలి. ఇవన్నీ మైదాన గ్రామాల నుంచి వచ్చేవి. బదులుగా తేనె, అటవీ సరుకులు ఇచ్చేవారు. పంటచేలకు కాపలా, పశువులకు కాపలా కాసేవారు. శ్రీశైలం వెళ్లే యాత్రికులకు దారి చూపి, రక్షణ ఇచ్చి, అందుకు ప్రతిఫలం తీసుకునేవారు. అడవిపై ఆధారపడటం, ఊరితో సంబంధం ఉండటం ఈ రెండూ కలిసినదే చెంచుల జీవనం.

5. విశ్వాసం

చెంచుల ముఖ్య దేవత గారెలమైసమ్మ. అడవిలోని జంతువులూ, పండ్లూ, గడ్డలూ ఆమె అధీనంలో ఉంటాయి. వేట దొరికితే మాంసంలో చిన్న ముక్కను ముందు ఆమెకు అర్పించాలి. కొత్తగా పండిన పండును ఆమెకు పెట్టకుండా తినకూడదు. పూర్వం ఆడ జంతువులను చంపరాదనే కట్టడి ఉండేదనీ, చంపితే గారెలమైసమ్మకు కోపం వస్తుందనీ పెద్దలు చెప్పినట్లు హైమన్‌డార్ఫ్ నమోదు చేశాడు. ఇప్పుడు ఆలోచించండి. అడవి ఎవరిదో మనం కాగితాలలో వెదుకుతాం. చెంచు దృష్టిలో అడవి గారెలమైసమ్మది. తాను అడిగి తీసుకునేవాడే.

ఆకాశంలో ఉండే భగవంతరు వానకూ, ఉరుముకూ, జనన మరణాలకూ కర్త. లింగమయ్య, భైరవుడు, పోచమ్మ వంటి దేవతలనూ కొలుస్తారు. అమ్రాబాద్ అడవిలోని సలేశ్వరంలో జలపాతం పక్కన గుహలో లింగమయ్య ఉన్నాడు. చైత్ర పౌర్ణమికి అక్కడ జాతర జరుగుతుంది. చెంచులే పూజారులు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వేలాదిగా భక్తులు కాలినడకన ఆ లోయలోకి దిగుతారు.

పెద్ద క్షేత్రాలతో చెంచులకున్నది చుట్టరికం. శ్రీశైల మల్లికార్జునుడు చెంచు పిల్లను పెళ్లాడాడని వారి కథ. అందుకే ఆయన చెంచు మల్లయ్య, వారికి అల్లుడు. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని చేపట్టాడు. ఏటా సంక్రాంతి తరువాత మొదలయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. ఆ సందర్భంలో చెంచులు పల్లకి వైపు బాణాలు సంధించడం ఆచారం. తమ ఆడపడుచును చేపట్టిన వరుడితో చేసే మేలమాట వంటిది అది.

ఈ కథలను రెండు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. అడవి దేవతలను పెద్ద మతం తనలో కలుపుకోవడానికి అల్లిన కథలివి అని కొందరు చరిత్రకారులు భావిస్తారు. తమ కొండ మీద వెలసిన దేవుడిపై తమకు మొదటి హక్కు ఉన్నదని చెంచులు నిలుపుకున్న వాదనగా కూడా ఈ కథలను చూడవచ్చు. రెండూ నిజమే కావచ్చునని నా అభిప్రాయం. ఒక విషయం మాత్రం స్పష్టం. అల్లుడి ఇంటికి వచ్చే భక్తుల కోసం రోడ్లు, సత్రాలు, వసతులు పెరిగాయి. మామగారి పెంటకు అవి చేరలేదు.

6. రాజ్యం, అడవి, చెంచులు

ఇక చెంచుల అవసరాలను బయటివారు నిర్ణయించిన తీరును కాలక్రమంలో చూద్దాం.

అ) కంపెనీ, బ్రిటిష్ పాలన: 1839లో కర్నూలు నవాబు రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీ స్వాధీనం చేసుకుంది. యాత్రికుల నుంచి చెంచులు తీసుకునే ప్రతిఫలం కొత్త పాలకులకు బలవంతపు వసూలుగా కనిపించింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు అడవులయ్యాయి. పెంటల మధ్య ఉన్న పాత హద్దులకు చట్టంలో చోటు లేదు. ఆ తరువాత నేరస్థ తెగల చట్టం కిందికి కొన్ని చెంచు సమూహాలను తెచ్చారు. పుట్టుకతోనే మనిషిని అనుమానితుడిగా చూసే ఈ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. అప్పటి పాలకుల దృష్టిలో చెంచుకు కావలసినది అదుపు.

ఆ) నిజాం సంస్థానం: హైమన్‌డార్ఫ్ అధ్యయనం ఫలితంగా 1942లో అమ్రాబాద్ పీఠభూమిలో సుమారు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా ప్రకటించారు. అందులో చెంచులు తమ పద్ధతిలో సేకరణ, వేట, పశుపోషణ సాగించుకోవచ్చు. చెంచులకు భూభాగంపై హక్కు ఉన్నదని ఒక ప్రభుత్వం ఒప్పుకున్న అరుదైన సందర్భమిది. లోపాలు లేవని కాదు. ఈ నిర్ణయం కూడా పైనుంచి వచ్చినదే. అయినా ఇందులో సేవల కంటే ముందు నేల ప్రస్తావన వచ్చింది. ఈ భేదాన్ని గుర్తుంచుకోండి.

ఇ) స్వాతంత్ర్యానంతర సంక్షేమం: నేటికీ అమలులో ఉన్న ఐదవ షెడ్యూలు ప్రాంతాల జాబితాలో అచ్చంపేట తాలూకాలోని అప్పాపూర్, మేడిమల్కల్, ఈర్లపెంట వంటి పేర్లు చేరాయి. నదికి దక్షిణాన కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాల చెంచు గూడేలు ఆ జాబితాలో లేవు. ఒకే తెగ, ఒకే అడవి, మధ్యలో నది. ఒక ఒడ్డున ఉన్న రాజ్యాంగ రక్షణ మరొక ఒడ్డున లేదు. ఇది చెంచులు కోరుకున్న విభజన కాదు. సంస్థానానికీ మద్రాసు ప్రెసిడెన్సీకీ మధ్య ఉన్న పాత సరిహద్దు మిగిల్చిన ఫలితం.

1960-61 నాటి ధేబర్ కమిషన్ గిరిజన తెగలన్నీ ఒకే స్థితిలో లేవని చెప్పింది. దాని కొనసాగింపుగా 1975లో కొన్ని తెగలను ఆదిమ గిరిజన సమూహాలుగా గుర్తించారు. వారిలో చెంచులున్నారు. 2006 నుంచి ఈ వర్గానికి 'ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాలు' అని పేరు మార్చారు. చెంచుల కోసం శ్రీశైలం కేంద్రంగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ఏర్పడింది. కాలనీలు కట్టారు, ఎడ్లూ నాగళ్లూ ఇచ్చారు, ఆశ్రమ పాఠశాలలు తెరిచారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులను కొనే బాధ్యత తీసుకుంది. ఇవన్నీ సదుద్దేశంతో చేసినవే. అయితే ఈ పథకాలలో ఎక్కువ భాగానికి ఒకే లక్ష్యం కనిపిస్తుంది: చెంచును రైతును చేయడం. తరతరాలుగా రోజువారీ సేకరణతో బతికిన మనిషి ఆరు నెలల తరువాత వచ్చే పంట కోసం ఆగాలి. ఆ ఆరు నెలలూ ఏమి తినాలి అన్న ప్రశ్నకు చాలా పథకాలలో జవాబు లేదు.

ఈ) పులుల సంరక్షణ: 1978లో నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో ఇది పులుల ప్రాజెక్టులో చేరింది. 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో అప్పట్లో దేశంలోనే పెద్దది. 2014లో రాష్ట్ర విభజన తరువాత ఉత్తర భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. పులిని కాపాడుకోవడం అవసరమే. అందులో సందేహం లేదు. కానీ పులి, చెంచు ఒకే అడవిలో తరతరాలుగా ఉన్నారన్నది కూడా చారిత్రక సత్యమే. అభయారణ్యం లోపలి నుంచి బయటికి తరలివెళ్లే కుటుంబానికి ఇచ్చే మొత్తాన్ని కేంద్రం 2021లో 10 లక్షల నుంచి 15 లక్షల రూపాయలకు పెంచింది. తరలింపు స్వచ్ఛందంగానే జరగాలని చట్టం చెబుతున్నది. వైద్యం, రోడ్డు, నీళ్లు లేని పెంటలో ఉన్నవాడు "వెళ్తాను" అంటే, ఆ మాటలో ఇష్టమెంత, విసుగెంత అని అడగడం మన బాధ్యత.

ఉ) యురేనియం: పులి కోసం మనుషులు కదలాలన్న అడవిలోనే యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చింది. చెంచులు, పర్యావరణవాదులు, విద్యార్థులు, రచయితలు వ్యతిరేకించారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దీనికి వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. చెంచుల మాట రాష్ట్ర స్థాయిలో వినిపించిన ఘట్టాలలో ఇది ముఖ్యమైనది.

7. అవసరాలు: ఎవరి మాట?

కొన్నేళ్ల క్రితం ఒక కాంటాక్టు తరగతిలో, అడవి అంచు గూడేలలో ప్రభుత్వ పని చేసే ఒక అభ్యాసకురాలు తన అనుభవం చెప్పింది. పిల్లలను తూచడానికి, టీకాలు వేయడానికి సిబ్బంది పెంటకు వెళ్లేసరికి పొద్దెక్కుతుంది. అప్పటికి అందరూ అడవిలోకి పోయి ఉంటారు. రిజిస్టరులో 'గైర్హాజరు' అని రాసి తిరిగివస్తారు. ఆమె ఒకసారి ముందురోజు సాయంత్రమే వెళ్లి పెంటలో నిద్ర చేసింది. తెల్లవారుజామున పిల్లలందరూ దొరికారు. ఆమె చెప్పింది ఇంతే. కానీ ఆ రోజు నేను చెప్పిన పాఠం కంటే ఆ మాటలే తరగతికి ఎక్కువ నేర్పాయి. గైర్హాజరైనది చెంచు పిల్లలా, మన వేళలా?

చెంచులకు అవసరాలు లేవని, వారిని అలాగే వదిలేయాలని నేను అనడం లేదు. అది మరొక రకమైన అన్యాయం. పోషకాహార లోపం, జ్వరాలు, క్షయ, కాన్పు కష్టాలు, సారా వ్యసనం, వడ్డీ వ్యాపారుల పీడ వారి జీవితాలను కుంగదీస్తున్నాయి. పాముకాటుకు మందు దొరికే ఆసుపత్రి దూరంలో ఉంటే, అడవి జ్ఞానం ఎంత ఉన్నా ప్రాణం దక్కదు. రేషన్ బియ్యం, తాగునీరు, బడి, వైద్యం వారికి పౌరులుగా రావలసినవి. 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం దుర్బల గిరిజన సమూహాలకు ఇళ్లు, రోడ్లు, నీరు, వైద్యం అందించడానికి ఉద్దేశించినది. ఇటువంటివి కావలసిందే.

అయితే సేవలు హక్కుకు ప్రత్యామ్నాయం కావు. 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడ కీలకం. ఈ చట్టం సాగుభూమికి వ్యక్తిగత పట్టా ఇవ్వడంతో ఆగలేదు. ఆదిమ సమూహాలకు 'ఆవాస హక్కు' కూడా ఉందని 3(1)(ఇ) సెక్షన్‌లో చెప్పింది. ఆవాసం అంటే ఇల్లు మాత్రమే కాదు. సేకరణకు తిరిగే కొండలు, దేవతలుండే తావులు, పూర్వీకులను పూడ్చిన చోటు అన్నీ కలిపి ఆవాసమే. మధ్యప్రదేశ్‌లోని దిండోరీ జిల్లాలో బైగాలకు ఇటువంటి హక్కును గుర్తించారు. గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలిసి అంగీకరిస్తేనే తరలింపు సాధ్యమని ఇదే చట్టం చెబుతున్నది.

పై మూడు విభాగాలను ఇప్పుడు కలిపి చూడండి. జీవనం గురించి చదివినప్పుడు పెంటల మధ్య హద్దులున్నాయని తెలుసుకున్నారు. విశ్వాసం గురించి చదివినప్పుడు ఆ హద్దుల లోపలి అడవి గారెలమైసమ్మదని తెలుసుకున్నారు. రాజ్యం గురించి చదివినప్పుడు ఈ రెండింటినీ చట్టాలు పట్టించుకోలేదని గమనించారు. ఆవాస హక్కు అనే భావనలో ఈ మూడూ మొదటిసారి ఒకచోట కలుస్తాయి. అందుకే ఇది ఒక సంక్షేమ పథకం పేరు కాదు. 1882లో చట్టం చూడని దానిని ఇప్పుడైనా చూడడానికి దొరికిన అవకాశం.

హక్కు ముందు, సేవ తరువాత అన్నప్పుడు, ఆసుపత్రి కట్టడం ఆపి పట్టా కోసం ఎదురుచూడాలని కాదు. ఆసుపత్రి కోసం అడవిని వదులుకోవాలనే బేరం పెట్టకూడదని అర్థం. మైదానంలో ఉన్న మనలో ఎవరినీ వైద్యం కావాలంటే ఇల్లు విడిచి రమ్మని అడగరు.

8. సారాంశం

చెంచులు నల్లమల కొండలలో ఆహార సేకరణపై ఆధారపడి జీవించిన తెలుగు మాట్లాడే ఆదిమ సమాజం. మైదాన గ్రామాలతోనూ, శ్రీశైలం, అహోబిలం క్షేత్రాలతోనూ వారికి సుదీర్ఘ సంబంధం ఉంది. కనుక వారిని ఒంటరి జాతిగా చూడటం సరికాదు. వారి విశ్వాసంలో అడవి ఒక దేవత సొత్తు. మనిషి దానిని అనుమతితో, మితంగా వాడుకుంటాడు. బ్రిటిష్ పాలన వారికి అదుపు కావాలన్నది. స్వతంత్ర భారత సంక్షేమ విధానం వ్యవసాయం కావాలన్నది. వన్యప్రాణి విధానం అడవి బయట ఇల్లు కావాలన్నది. 1942 నాటి చెంచు రిజర్వు, 2006 అటవీ హక్కుల చట్టం మాత్రమే నేలపై వారి హక్కు గురించి సూటిగా మాట్లాడాయి.

మీలో కొందరు రేపు ఉపాధ్యాయులుగా, ఆరోగ్య సిబ్బందిగా, అటవీ లేదా రెవెన్యూ ఉద్యోగులుగా ఇటువంటి గూడేలకు వెళ్తారు. అక్కడికి చేరినప్పుడు మీ రిజిస్టరు తెరవడానికి ముందు కాసేపు కూర్చుని, ఈ కొండను వారు ఏమని పిలుస్తారో అడగండి. ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నదాన్ని మీరు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

మీ ప్రగతిని మీరే పరిశీలించుకోండి

1. చెంచుల జీవనంలో 'హద్దు' అనే భావనకు ఉన్న ప్రాముఖ్యం ఏమిటి? 10 వాక్యాలలో రాయండి.
2. శ్రీశైలం, అహోబిలం క్షేత్రాలకు చెంచులతో ఉన్న సంబంధాన్ని రెండు దృక్కోణాల నుంచి వివరించండి.
3. 1942 చెంచు రిజర్వునూ, 1983 తరువాతి పులుల సంరక్షణ విధానాన్నీ పోల్చండి.
4. "సేవలు హక్కుకు ప్రత్యామ్నాయం కావు." ఈ వాక్యంతో మీరు ఏకీభవిస్తారా? మీ ప్రాంతంలోని ఏదైనా ఒక సమాజాన్ని ఉదాహరణగా తీసుకుని చర్చించండి.